చెవి దగ్గర ఊపి కొన్న రేడియో

వచ్చే నెల కాశీకి పోతున్నాను. ఒంటరిగానే. మా అమ్మాయి సుజాత మొదట వద్దంది. నేను వినేవాణ్ణి కాదని తెలిసి తనే రైలు టికెట్టు తీసింది, చక్రాల పెట్టె కొనిచ్చింది, పూటపూటకూ వేసుకోవలసిన మాత్రలను అరలున్న డబ్బాలో సర్దిపెట్టింది. ఇంకేమన్నా కావాలా అని అడిగితే రేడియో కావాలన్నాను. నవ్వింది. చిక్కబళ్లాపురంలో ఇన్ని అంగళ్లు పెట్టుకుని నేను చింతామణి బస్సెక్కాను. రేడియో అంటే చింతామణిలోనే కొనాలన్నది నా ఒంట్లో ఎప్పుడో పాతుకుపోయిన నియమం. ఎందుకని ఎవరైనా అడిగితే అక్కడ దొరికే సరుకు బెంగళూరులో కూడా దొరకదని చెబుతాను. నిజానికి జన్మలో నాకంటూ ఉన్న రేడియో అంతకుముందు ఒక్కటే. అదీ మంచి సరుకు కాదు.

అంగడిలో ఉన్నవాడికి ముప్పై దాటి ఉంటాయి. "రేడియోనా తాతా? ఫోనులోనే అన్నీ వస్తాయి గదప్పా," అన్నాడు. ఫోనులో వచ్చేది ఫోను, నాకు రేడియో కావాలన్నాను. రేడియో ఆకారంలో ఉన్న పాటల పెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. "దీంట్లో పాత పాటలు లోపలే నింపిండారు. ఆంటెన్నా కూడా ఉండాది. కానీ లాగొద్దు, ఊడొస్తాది. అది అందానికి పెట్టింది." షార్ట్ వేవు ఉందా అని అడిగితే, అదేంది అన్నాడు. నాకు చెప్పడానికి అవకాశం దొరికింది. ఒకప్పుడు కాశీలో ఒక చిన్న గదిలో కూర్చుని షార్ట్ వేవులో పద్నాలుగు దేశాలు పట్టానని, రష్యావాళ్లు నా పేరు మీద క్యాలెండరు పంపారని చెప్పాను. వాడు చేతిలో పని ఆపి విన్నాడు. ఇక్కడ రాసేటప్పుడు మాత్రం తగ్గించక తప్పదు. దేశాలు నాలుగో ఐదో. అందులో ఒకటి పోలీసువాళ్ల వైర్‌లెస్సేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. క్యాలెండరు వచ్చింది పక్కగదిలోని బిహారు మాస్టారికి. పాత సంవత్సరం అయిపోయాక నాకిచ్చాడు.

ఆ మర్యాదతో వాడు నిచ్చెన వేసుకుని పై అరలోనుంచి ఒక డబ్బా దించాడు. దుమ్ము తుడిచి తీస్తే అసలైన రేడియో. అరచేతికి కొంచెం పెద్దది, మీడియం వేవు, ఎఫ్ఎం, షార్ట్ వేవు వరుసగా ఎన్నో బ్యాండులు, వెనక నిలబెట్టుకునే కాలు, ప్రయాణంలో అనుకోకుండా మీట నొక్కుకుపోకుండా ఒక గొళ్లెం. మామూలు బ్యాటరీ సెల్లులతో పనిచేస్తుంది. ప్రయాణంలో పనికొచ్చే రేడియోకు ఇదే ముఖ్యం. తీగ పెట్టి ఛార్జి చేసుకునేదైతే, రైలు డబ్బాలో ఆ ప్లగ్గు బొక్క దగ్గర ఎప్పుడూ మరొకడి ఫోను వేలాడుతూ ఉంటుంది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, ఏ ఆలోచనా లేకుండానే, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

"ఏంది తాతా, టెంకాయ అనుకుంటివా?" అన్నాడు అంగడివాడు.

లోపల చప్పుడు లేదు. అంటే మంచిదే. మా మామ ఉండి ఉంటే అదే కారణం చెప్పి వద్దనేవాడు.

మామంటే మా అమ్మ తమ్ముడు. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు కొని, ఉడికించి, దారం తీయించేవాడు. పెళ్లాం చనిపోయింది, పిల్లలు లేరు. మార్కెట్టులో కుప్పలు పోసిన గూళ్ల మధ్య నడుస్తూ, ఎక్కడో ఒకచోట ఆగి, ఒక గూడు తీసి చెవి దగ్గర ఊపేవాడు. లోపల పురుగు ఎండిన గింజలాగా గలగలమంటే గూడు మంచిది, దారం తెగకుండా వస్తుంది. చప్పుడు లేదంటే లోపల చచ్చి అంటుకుపోయినట్టు. గూళ్లు కొనేవాళ్లందరూ ఊపుతారు, కానీ మామ ఊపితే చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపేవారు. ఆయన తల ఊపిన కుప్పకు వేలం పాట పెరిగేది, ఆయన దాటిపోయిన కుప్పను తెచ్చిన రైతు ముఖం దిగిపోయేది. నడవడంలో, తినడంలో, మాట్లాడడంలో ఎక్కడా దర్జా లేని మనిషి. ఆయనకు ఉన్న దర్జా అంతా ఆ చెవిలోనే ఉండేది.

మాది బాగేపల్లి తాలూకా పరగోడు. మా ఇంట్లో మనుషులకన్నా పట్టుపురుగులకు మర్యాద ఎక్కువ. ఇంట్లోకెల్లా పెద్ద గది వాటిదే. కాళ్లు కడుక్కోకుండా అందులోకి పోకూడదు. పురుగులు ఆఖరి నిద్ర లేచి ఆకు మీద పడి తినే రోజుల్లో మా అమ్మ పొయ్యి మీద ఎండుమిరపకాయ పోపు కూడా వేసేది కాదు, ఆ ఘాటు వాటికి పడదని. చప్పటి పప్పు, చప్పటి సంగటి. మా నాయన బీడీ కాల్చాలంటే వీధి చివరికి పోయి, నోరు పుక్కిలించి, చొక్కా దులుపుకుని వచ్చేవాడు. వాన పడిన రోజు మల్బరీ ఆకు తడిగా పెడితే పురుగులకు రోగం వస్తుందని అమ్మ ఒక్కొక్క ఆకూ పాత చీరతో తుడిచేది. గది నిండా అవి ఆకు తినే చప్పుడు, మెత్తని జల్లు పడుతున్నట్టు. ఆ చప్పుడులో నిద్రపోయి, ఆ చప్పుడులో లేచాను. వ్యాపారం మీద మోజుతో ఇల్లు వదిలానని చాలామందికి చెప్పాను. మోజు వ్యాపారం మీద కాదు, వాసన నూనె మీద. మీసాలు వచ్చిన కొత్తలో తలకు అంగడి నూనె పట్టించి, ముఖానికి పౌడరు అద్దుకుని తిరిగేవాణ్ణి. ఒక పంట పురుగులు సరిగ్గా గూళ్లు కట్టలేదు. ఎందుకు కట్టలేదో ఎవరికీ తెలియదు. "నీ నూనె కంపుకే పోయినాయి. నువ్వైనా ఉండు, పురుగులైనా ఉండనీ," అంది అమ్మ. పురుగులే ఉన్నాయి. నన్ను తన తమ్ముడి దగ్గరికి పంపించింది.

శిడ్లఘట్టలో ఆ బాధ లేదు. అక్కడ ఏ నూనె వాసనా మనిషి దాకా రాదు. వీధులన్నీ ఉడికిన పురుగు వాసన. మొదటి వారం అన్నం లోపలికి పోలేదు, తరువాత వాసన ఉందని కూడా మరిచిపోయాను. మామ ఇంట్లో మాట వినబడేది పగలు మాత్రమే, దారం తీసే చరకాలు తిప్పేవాళ్లు ఉన్నంతసేపు. వాళ్లు వెళ్లిపోయాక ఆయన సంగటి గెలికేవాడు, నేను పుల్లలు ఎగదోసేవాణ్ణి. తిన్నాక వసారాలో కుర్చీలో కూర్చుని జేబులోనుంచి ఒక గూడు తీసి ఊపుకుంటూ ఉండేవాడు. కొనడానికీ కాదు, అమ్మడానికీ కాదు. అత్త పోయినప్పటినుంచి అదే అలవాటని పక్కింటివాళ్లు చెప్పారు. ఎందుకు మామా ఊరికే అని ఒకసారి అడిగాను. "ఏదో ఒకటి పలకల్ల గదరా ఇంట్లో," అన్నాడు.

మధ్యవర్తులు లేకుండా దారాన్ని నేరుగా కాశీకి పంపాలని మామకు ఆలోచన వచ్చింది. హిందీ వచ్చా అని అడిగితే వచ్చన్నాను. నాకు వచ్చిన హిందీ సినిమా పాటల్లోది. దాంతో చందమామను పొగడవచ్చు గాని పట్టుదారం అమ్మలేము. మామ నా మాట నమ్మాడు. ప్రయాణం దగ్గర పడ్డాక, "సరుకు పోయేదాకా ఆడ నెలలు ఉండాల్సి వస్తాది. గోడలతో మాట్లాడేది నేర్చుకుంటావు. అది మంచిది కాదు. రేడియో తీసిస్తా పా," అని చింతామణికి తీసుకుపోయాడు.

ఆ అంగడివాడు మూడు రేడియోలు బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ వివరించాడు. ఇది రెండు బ్యాండులది, ఊళ్లో వాళ్లకు చాలు. ఇది మూడు బ్యాండులది, దూరదేశం పోయేవాళ్లకు షార్ట్ వేవు ఉంటేనే ఇంటి మాట వినబడేది. ఇదీ మూడు బ్యాండులదే, దీనికి తోలు సంచీ, భుజానికి పట్టీ. మామ అంతా విన్నాడు. తల ఊపాడు. మొదటి రేడియోను ఎత్తి చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. కింద పెట్టాడు. రెండోదీ అంతే. తోలు సంచీ రేడియోను ఊపితే లోపల గలగలమంది.

"ఇదిరా," అన్నాడు నాతో. "దీంట్లో ప్రాణం ఉండాది."

"అయ్యా, గలగలమంటాందంటే లోపల ఏదో ఊడిండాదని," అన్నాడు అంగడివాడు, నెమ్మదిగానే. "వేరేది తీసిస్తాను ఉండండి."

"నాకు చెప్పొద్దప్పా. శిడ్లఘట్ట మార్కెట్టులో ఈ చెవిని చూసి పాట ఎత్తుతారు. కావాలంటే వీళ్లనడుగు."

శిడ్లఘట్టవాళ్లు ఇద్దరు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లు తల ఊపారు. అంగడివాడు రేడియోను చేతిలో పట్టుకుని పలికించి చూపించాడు, శుభ్రంగా పలికింది. మామ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గెలిచినట్టు లేదు, నాకు మంచి చేసినట్టు ఉంది. నేను ఆ రోజు మామను ఆపబోయానని, ఆయన వినలేదని మా పిల్లలకు చెప్పాను. ఆపబోలేదు. నా కళ్లు ఆ తోలు పట్టీ మీదే ఉన్నాయి.

కాశీలో గది ముగ్గురు మనుషులు పడుకుంటే నిండిపోయేంత. కింద నేతవాళ్లకు దారం అమ్మే దళారి దుకాణం. పొద్దున అతనికి దారం చూపించడం, రేపు రమ్మనడం, మరునాడు మళ్లీ పోవడం. నా పేరు అక్కడ ఎవరికీ అక్కర్లేదు, మద్రాసీ అని పిలిచేవారు. ఎన్నో రోజులు నా పేరు నా చెవికి వినబడలేదు. మొదటి సాయంకాలం రేడియోను కిటికీలో పెట్టి మీట తిప్పితే పలకలేదు. తట్టాను, పలకలేదు. విసుగొచ్చి చేతిలోకి తీసుకుని ఎడమ పక్కకు వంచగానే పలికింది. తిన్నగా పెట్టాను, ఆగిపోయింది. వంచి పట్టుకున్నాను, పలికింది. అప్పటినుంచీ కాశీలో ఉన్నంతకాలం ఆ రేడియో నా చేతిలో పలికిందే గాని, నేల మీద పలకలేదు. ఒక చేత్తో రొట్టె తిన్నాను, ఒక చేత్తో రేడియోను పట్టుకున్నాను. వెల్లకిలా పడుకుని రొమ్ము మీద వంచి పెట్టుకుని, ఊపిరి గట్టిగా తీస్తే అది జారి మూగబోతుందని మెల్లగా ఊపిరి తీశాను.

సాయంకాలం షార్ట్ వేవులో హైదరాబాదు వచ్చేది. రోజూ కాదు, గాలి బాగున్నప్పుడు. ఆ గొంతు దగ్గరికొచ్చేది, దూరం పోయేది, బావిలోనుంచి మాట్లాడినట్టు ఉండేది. పాటలకన్నా నాకు వాతావరణం చెప్పే ఆ నాలుగు మాటలే ముఖ్యం. ఒకరోజు అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో వానలు పడతాయని చెప్పింది. ఆ జిల్లాలు దాటితే మా ఊరే. వాన మమ్మల్ని మాత్రం ఎందుకు వదులుతుంది. అమ్మ పాత చీర తీసుకుని ఆకు తుడవడం మొదలుపెట్టి ఉంటుంది, నేనుంటే చెయ్యి కలిపేవాణ్ణి అనుకున్నాను. బయట కాశీలో ఎండ కాస్తూనే ఉంది. నేను గోడకు ఆనుకుని, రేడియోను ఎడమకు వంచి పట్టుకుని, మా ఊరి వానను విన్నాను. ఏడ్చానని రాస్తే బాగుంటుంది. ఏడవలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే చెయ్యి మార్చుకున్నాను, అంతే. కానీ ఆ సాయంకాలమంత ఒంటరిగా ఆ తరువాత చాలా ఏళ్లు నేను లేను, ఈ మధ్య వరకు.

ఊరికి వచ్చినప్పుడల్లా మామ మొదటి ప్రశ్న అదే. "రేడియో పలకతాండాదా?"

"బ్రహ్మాండంగా పలకతాండాది మామా."

"నేను చెప్పలే?" అనేవాడు చరకాల దగ్గర ఉన్నవాళ్లతో. "చెవి దగ్గర ఊపి కొన్నా దాన్ని."

కొన్నేళ్లకు మామ మంచం పట్టాడు. ఊపిరితిత్తులన్నారు. చరకాలు ఆగిపోయాయి, చరకాలు తిప్పేవాళ్లు ఒక్కొక్కరే వేరేచోట పనికి పోయారు. నేను కాశీ వ్యవహారం ముగించుకుని వచ్చి ఆయన దగ్గర ఉండిపోయాను. అప్పటికే ఆయన చెవి మందగించింది. మార్కెట్టులో చివరిసారి తల ఊపిన కుప్ప ఉడికించాక దారం ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఆ మాట ఊరంతా తిరిగింది. పరామర్శకు వచ్చినవాళ్లు గూళ్ల ధరల గురించి ఆయన ముందర మాట్లాడకుండా జాగ్రత్తపడేవారు. అది ఆయనకు తెలిసిపోయేది. అటువంటి రోజుల్లో ఒక సాయంకాలం, "నీ రేడియో ఇట్ల తేరా. నేను కొన్నది ఎట్ల పలకతాదో విందాము," అన్నాడు.

ఆయన చెవి ఎంచుకున్నవాటిలో మిగిలింది ఆ ఒక్కటే. మంచం పక్కన బల్ల ఉంది, దాని మీద పెట్టమంటాడు, పెడితే మూగబోతుంది. నేను మంచం అంచున కూర్చుని, రేడియోను ఆయన చెవి దగ్గర ఎడమకు వంచి పట్టుకున్నాను. పలికింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అప్పటినుంచీ ప్రతి సాయంకాలం అదే పని. దీపాలు పెట్టే వేళ మొదలుపెడితే వార్తలు అయ్యేదాకా. వచ్చినవాళ్లు నా సేవ చూసి మెచ్చుకునేవారు. నేను కూడా మెచ్చుకోనిచ్చాను.

"బల్ల మీద పెట్టరా, చెయ్యి నొప్పి పుడతాది," అనేవాడు మామ అప్పుడప్పుడు.

"నీకు సరిగ్గా వినబడదు మామా."

"నాకు చెవుడని చెప్తాండావా?"

"నీకు కాదు, బల్లకు."

ఆయన దగ్గుతో కలిపి నవ్వేవాడు. ఒకరోజు నవ్వలేదు. రేడియోలో ఎవరో పాట పాడుతున్నారు. మామ కళ్లు తెరవకుండానే, "పెడితే పలకదు గదరా," అన్నాడు.

నేను రేడియో చప్పుడు కొంచెం తగ్గించాను.

"కొన్న పొద్దే తెలిసింది నాకు. నువ్వు నీళ్లు పోసుకునేకి పోతే గోడ గూట్లో పెట్టి చూసినా. కిక్కురుమనలే."

"మరి మార్చుకొని రావాల్సింది గద మామా."

"అంగట్లో అంతమంది ముందర చెవి గురించి చెప్పుకున్నాక మళ్లీ ఏ మొఖం పెట్టుకొని పోతా?" కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆడ ఒక్కడివే, మూగ రేడియో పెట్టుకొని ఏం చేస్తాండావో అని నాకు ఇక్కడ సంగటి దిగేది కాదు. నువ్వొచ్చి బ్రహ్మాండంగా పలకతాండాది అంటివి. అబద్ధమని తెల్సు. అయినా మనసుకు బాగుండేది."

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. నేను రేడియోను దించబోయాను. "వార్తలు కాలేదే ఇంకా," అన్నాడు మామ. నేను మళ్లీ వంచి పట్టుకున్నాను.

ఆ చలికాలం ఆయన దాటలేదు. పోయాక నేను రేడియోను బాగు చేయించాను. ఒక మర వదులైంది, అంతే. అప్పటినుంచీ ఎక్కడ పెడితే అక్కడ పలికేది. ఎందుకో దాని మీద మనసు పోయింది. అడిగినవాళ్లకు ఇచ్చేశాను.

కొత్త రేడియో కూడా ఎక్కడ పెడితే అక్కడ పలుకుతుంది. వెనక కాలు మీద నిలబడి, నా సాయం లేకుండా, తనంతట తనే. ఇప్పుడు షార్ట్ వేవులో తెలుగు కోసం ఎంత వెతికినా గరగరే వస్తోంది. ఫోనులో మాత్రం ప్రపంచమంతా గోరుతో గీస్తే వస్తుంది. ఇంట్లో ఎవరి చెవికి వాళ్ల తీగ, ఎవరి పాట వాళ్లది. మామా నేనూ ఒక్క పాట వినడానికి ఇద్దరం కావలసి వచ్చేది, అది మా గొప్పతనం కాదు, మర వదులు.

నిన్న సాయంకాలం సుజాత ఆఫీసు పని ముగించుకుని, చెవిలోని తీగ ఒకటి తీసి నా గదిలోకి తొంగిచూసింది. నా భార్య పోయాక రోజూ ఇట్లాగే ఒకసారి చూసిపోతుంది. మంచి పిల్ల. "కొత్త రేడియో పలకతాండాదా నాయనా?" అంది.

"నిలబెడితే పలకదమ్మా," అన్నాను. నోటికి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. "ఎవరన్నా ఇట్ల వంచి పట్టుకోవల్ల."

ఆమె వచ్చి రేడియోను అందుకుంది. కూర్చుంటుందనుకుని మంచం మీద జరిగాను. ఆమె ఒక దిండు లాగి, రేడియోను దానికి ఏటవాలుగా ఆనించి, మీట నొక్కింది. పలికింది. "అంతే గద. కాశీలో కూడా ఇట్లే పెట్టుకో," అని, తీగ మళ్లీ చెవిలో పెట్టుకుంటూ వెళ్లిపోయింది. దిండు మీద రేడియో హాయిగా పాడుతూ ఉంది.

ఇంత సులువైన ఉపాయం శిడ్లఘట్టలో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదని రాసి ఈ అధ్యాయం ముగిద్దామనుకున్నాను. చదివేవాళ్లు నవ్వుకునేవారు. కానీ తట్టింది. మామ పెడితే పలకదని చెప్పిన మరునాడు సాయంకాలమే తట్టింది. ఆయన మంచం మీద, కాళ్ల దగ్గర, ఎవరూ వాడని దిండు ఒకటి పడి ఉండేది. దాన్ని చూశాను. మామ కూడా దాన్నే చూస్తున్నాడు. నేను లేచి ఆ దిండును తీసుకుపోయి అటక మీదికి ఎగరేసి, తిరిగి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. మామ నాకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగాడు.